ఆప్టోమెట్రీ చదువు: ఎవరికి తగినది, ఎవరికి కాదు

ఇంటర్మీడియట్ ఫలితాలు, ఆ వెనుక నీట్ ర్యాంకులు వెలువడిన తరువాత రెండు నెలల పాటు నన్ను అడిగే ప్రశ్నలు రోగాలను గురించి కాక సీట్లను గురించే ఎక్కువగా ఉంటాయి. "డాక్టరు గారూ, మా అమ్మాయికి మెడిసిన్ సీటు వచ్చే ర్యాంకు కాదు. ఆప్టోమెట్రీలో చేర్చమని ఎవరో చెప్పారు. చేర్చవచ్చునా? రేపు ఉద్యోగం దొరుకుతుందా?" అని అడిగే తల్లిదండ్రుల సంఖ్య ఈ మధ్య బాగా పెరిగింది. ఫోనులో రెండు ముక్కలతో తేల్చగలిగిన విషయం కాదు గనుక నా అభిప్రాయాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను కంటి వైద్య నిపుణుణ్ణి కాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోను, ఏరియా ఆసుపత్రులలోను పనిచేసిన సాధారణ వైద్యుణ్ణి. చూపును సరిగా పరీక్షించే మనిషి ఉన్న ఆసుపత్రికీ, లేని ఆసుపత్రికీ గల తేడాను దగ్గర నుంచి చూసినవాణ్ణి. నా మాటలకు ఆధారం ఆ అనుభవమే.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఆప్టోమెట్రీ గౌరవప్రదమైన వృత్తి. మన సమాజానికి అత్యవసరమైన వృత్తి కూడా. అయితే మెడిసిన్ సీటు రాలేదన్న బాధకు అది మందు కాదు. ఆ చదువు విలువ డిగ్రీ కాగితంలో కన్నా, చదువుకునే రోజులలో విద్యార్థి స్వయంగా ఎన్ని కళ్ళను పరీక్షించాడన్న దానిలో ఉంది. ఇక ఆ వృత్తి భవిష్యత్తు కళాశాలల కన్నా, ప్రభుత్వాల కన్నా ఎక్కువగా మనందరి అలవాటు ఒకదానిపై ఆధారపడి ఉంది. ఆ అలవాటేమిటో తరువాత చెబుతాను.

ఎవరు ఎవరు?

చాలా కుటుంబాలలో గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఆప్తాల్మాలజిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తరువాత కంటి వైద్యంలో పీజీ చేసిన వైద్యుడు. శుక్లాల ఆపరేషను మొదలుకొని రెటీనా శస్త్రచికిత్స వరకు చేసేది ఆయనే. ఆప్టోమెట్రిస్టు చూపును కొలిచి, అద్దాల పవరు నిర్ణయించి, కాంటాక్ట్ లెన్సులు అమర్చి, కంటి జబ్బుల తొలి లక్షణాలను పసిగట్టి వైద్యుని వద్దకు పంపే వృత్తి నిపుణుడు. ఆయన శస్త్రచికిత్స చేయరు. ఆప్టీషియన్ ఆ చీటీ ప్రకారం కళ్ళజోడు తయారుచేసి, ముఖానికి సరిపడేలా అమర్చి ఇచ్చేవారు. వీరు కాక, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రెండేళ్ల డిప్లొమాతో పనిచేసే ఆప్తాల్మిక్ అసిస్టెంట్లు, కొన్ని స్వచ్ఛంద కంటి ఆసుపత్రులు ఏడాది శిక్షణ ఇచ్చి గ్రామాలకు పంపే విజన్ టెక్నీషియన్లు ఉన్నారు.

మన దేశంలో ఈ హద్దులు కలగాపులగంగా ఉండటం వల్ల, నాలుగేళ్లు చదివిన పట్టభద్రుణ్ణీ, కొట్టులో రెండు నెలలు పని నేర్చుకున్న కుర్రవాణ్ణీ జనం ఒకే పేరుతో పిలుస్తారు. "కళ్ళజోళ్ళ అబ్బాయి" అంటారు. ఈ చదువులో చేరేవారు మొదట జీర్ణించుకోవలసిన సత్యం ఇది. గుర్తింపు దానంతటదే రాదు. పనితనంతో సంపాదించుకోవలసి ఉంటుంది.

చిన్న పని అనుకోవద్దు

"పవరు చూసి అద్దాలు రాయడమే గదా, ఇప్పుడు యంత్రమే చెప్పేస్తుంది" అని తేలికగా మాట్లాడేవారిని చూశాను. మూడు ఉదాహరణలు చెబుతాను.

ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ఆరోగ్య పరీక్షల కోసం వెళ్ళినప్పుడు, ఒక బాలుణ్ణి మందబుద్ధి అని ఉపాధ్యాయులు మాకు చూపించారు. నల్లబల్ల మీద రాసినది ఎక్కించుకోడు, అడిగితే సమాధానం చెప్పడు అన్నారు. మాతో వచ్చిన ఆప్తాల్మిక్ అసిస్టెంటు అతణ్ణి ఆరు మీటర్ల దూరంలో నిలబెట్టి పట్టిక చదివించాడు. పైనున్న పెద్ద అక్షరం తప్ప మరేదీ కనబడలేదు. ఆ బాలుని బుద్ధిలో ఏ లోపమూ లేదు, హ్రస్వదృష్టి ఉంది. కళ్ళజోడు పెట్టుకున్న తరువాత అతనికి కావలసినది వైద్యం కాదు, పోగొట్టుకున్న రెండు మూడేళ్ల పాఠాలు.

రెండవది మధుమేహం. రక్తంలో చక్కెర అదుపు తప్పినప్పుడు కంటిలోని సహజ కటకంలో మార్పు వచ్చి చూపు మసకబారుతుంది, పవరు మారుతుంది. రోగి నేరుగా అద్దాల కొట్టుకు వెళతాడు. అక్కడి మనిషికి ఈ సంగతి తెలియకపోతే కొత్త అద్దాలు అంటగడతాడు. చక్కెర అదుపులోకి వచ్చాక ఆ అద్దాలు పనికిరావు. సరైన శిక్షణ ఉన్న ఆప్టోమెట్రిస్టు ముందు "షుగరు ఎప్పుడు చూపించుకున్నారు?" అని అడుగుతాడు. తనకు మధుమేహం ఉన్నదని అద్దాల కోసం వెళ్ళిన రోజునే తెలుసుకున్నవారిని నేను ఎరుగుదును.

మూడవది నీటికాసులు, అంటే గ్లకోమా. ఇది నొప్పి లేకుండా, చెప్పకుండా చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. నలభై దాటినవారు ఏ జబ్బూ లేకపోయినా ఒక కారణంతో కంటి పరీక్షకు తప్పక వెళతారు, అది చత్వారం. నలభై అనే అర్థంగల సంస్కృత పదం నుంచి ఏర్పడిన ఈ మాటలోనే ఆ వయస్సు ఉంది. దగ్గర అక్షరాలు కనబడటం లేదని వచ్చిన ఆ మనిషికి కంటి ఒత్తిడి కొలిచి, వెనుకనున్న నరాన్ని ఒక్కసారి చూస్తే నీటికాసులను తొలిదశలోనే పట్టుకోవచ్చు. చూడకుండా అద్దాలు ఇచ్చి పంపితే పదేళ్ల తరువాత చేయగలిగినది ఉండదు. ఆ పది నిమిషాలు సరిగా వినియోగించేవారు ఎవరన్నదే ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన దృష్టి నివేదిక ప్రకారం ప్రపంచంలో కనీసం 220 కోట్ల మందికి ఏదో ఒక చూపు లోపం ఉంది. వారిలో కనీసం 100 కోట్ల మందికి ఆ లోపం నివారించగలిగినదో, ఇంకా చికిత్స అందనిదో. ఆ వందకోట్లలో చత్వారానికి సరైన అద్దాలు లేనివారే అత్యధికులు. ఆపరేషను థియేటరుతో నిమిత్తం లేకుండా, ఒక బల్ల, ఒక పట్టిక, ఒక ట్రయల్ సెట్టు, వీటిని వాడటం తెలిసిన మనిషి ఉంటే తీరే బాధ ఇది.

యంత్రం సంగతి కూడా చెప్పాలి. ఆటోరిఫ్రాక్టోమీటరు క్షణంలో అంకెలు ముద్రించి ఇస్తుంది. కానీ పిల్లలు ఆ యంత్రంలోకి చూసేటప్పుడు తెలియకుండానే కంటి కండరాన్ని బిగిస్తారు. దానితో ఉన్నదానికన్నా మైనస్ పవరు ఎక్కువగా చూపుతుంది. అందుకే పిల్లలకు చుక్కల మందు వేసి, కండరాన్ని సడలించి పరీక్షించాలంటారు. చీకటి గదిలో చేయి చాచినంత దూరంలో కూర్చొని, కంటిలోకి సన్నని వెలుగు చారను పంపి, కనుపాపలో కనబడే ఎర్రని వెలుగు ఎటు కదులుతున్నదో చూసి పవరు లెక్కగట్టే విద్యను రెటినోస్కోపీ అంటారు. మాటలు రాని పసిబిడ్డకు కూడా దీనితో పవరు కనుగొనవచ్చు. యంత్రం మీది అంకెను చీటీలోకి ఎక్కించడం మాత్రమే వచ్చినవారి ఉద్యోగాన్ని యంత్రం తప్పక లాగేసుకుంటుంది. రెటినోస్కోపు చేతిలో ఆడేవారి ఉద్యోగాన్ని లాగేసుకోవడం కష్టం.

కళాశాలను ఎలా ఎంచుకోవాలి?

ఇంతకాలంగా నడుస్తున్న పద్ధతిలో ఈ డిగ్రీ సాధారణంగా నాలుగేళ్లది. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. మద్రాసులో శంకర నేత్రాలయ వారి ఎలీట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ 1985లో మొదలైంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని ఆర్.పి. సెంటర్‌లో ఈ చదువు ఉంది. మన హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దశాబ్దాలుగా ఆప్టోమెట్రిస్టులను తీర్చిదిద్దుతున్నది. వీటితో పాటు ఇటీవల రెండు రాష్ట్రాలలోను అనేక ప్రైవేటు కళాశాలలు, విశ్వవిద్యాలయాలు ఈ కోర్సును తెరిచాయి. వాటన్నిటినీ ఒకే గాటన కట్టను. అన్నిటినీ నమ్మమని కూడా చెప్పను.

కళాశాలకు వెళ్ళినప్పుడు భవనాన్ని, ప్రకటన పుస్తకాన్ని చూసి రావద్దు. ఈ ప్రశ్నలు అడగండి. కళాశాలకు సొంత కంటి ఆసుపత్రి ఉన్నదా, లేక ఎక్కడో ఒక ఆసుపత్రితో కాగితం మీద ఒప్పందం మాత్రమే ఉన్నదా? ఔట్ పేషెంటు విభాగానికి రోజుకు ఎంతమంది వస్తారు? ఒక్కొక్క విద్యార్థి తన చేతులతో పరీక్షించిన కేసుల లాగ్ పుస్తకం చూపగలరా? పిల్లల విభాగం, కాంటాక్ట్ లెన్సుల విభాగం, మందదృష్టి గలవారికి సహాయక పరికరాలిచ్చే లో విజన్ విభాగం ఉన్నాయా? పాఠాలు చెప్పేవారిలో ఆప్టోమెట్రీలోనే పీజీ చేసినవారు ఎందరు? క్రిందటి సంవత్సరం బయటికి వచ్చిన విద్యార్థులు ఎక్కడెక్కడ, ఎంత జీతానికి పనిచేస్తున్నారు?

చివరి ప్రశ్నకు జవాబు కళాశాల వారి నుంచి కాక, ఆ పూర్వ విద్యార్థుల నుంచే రాబట్టండి. నా దృష్టిలో ఒక మోటు లెక్క ఉంది: నాలుగేళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు కలిపితే అక్కడి విద్యార్థికి వచ్చే మొదటి రెండేళ్ల జీతాన్ని మించుతున్నట్లయితే, అప్పు చేసి చేర్చవద్దు. పొలం అమ్మి అసలే చేర్చవద్దు. ఇంట్లో కూర్చొని దూరవిద్యలో ఈ డిగ్రీ ఇస్తామనేవారి దగ్గరకు పోవద్దు. కంటిని చూడకుండా కంటి పరీక్ష నేర్చుకోవడం, నీళ్ళలో దిగకుండా ఈత నేర్చుకోవడం వంటిది. ప్రవేశ నియమాలు, కోర్సు స్వరూపం మారుతున్న కాలమిది. కనుక చేరే సంవత్సరంలో సంబంధిత విశ్వవిద్యాలయం నోటిఫికేషనును స్వయంగా చదవండి. ఏజెంటు మాట నమ్మవద్దు.

మరొక సూచన. ఈ చదువులో జీవశాస్త్రం ఎంత ఉన్నదో భౌతికశాస్త్రం అంతకు తగ్గకుండా ఉంది. కాంతి వక్రీభవనం, కటకాలు, పట్టకాలు, డయాప్టర్ల లెక్కలు రోజూ ఉంటాయి. బై.పి.సి. చదివి, ఫిజిక్సును భయంతో దాటించినవారు మొదటి ఏడాదిలోనే ఇబ్బంది పడతారు.

ఉద్యోగాల నిజస్థితి

ఉద్యోగాలు ఉన్నాయి. పెద్ద కంటి ఆసుపత్రులు ఏటా ఆప్టోమెట్రిస్టులను తీసుకుంటున్నాయి. కళ్ళజోళ్ళ గొలుసు దుకాణాలు ఊరూరా వెలుస్తున్నాయి. చిన్న పట్టణాలలో కంటి డాక్టర్లకు నమ్మకమైన సహాయకులు కావాలి. పిల్లలలో హ్రస్వదృష్టి పెరుగుతున్నది. 2050 నాటికి ప్రపంచ జనాభాలో సగం మందికి అది ఉండవచ్చునని 2016లో వెలువడిన ఒక ప్రసిద్ధ అంచనా చెబుతున్నది. వయోవృద్ధుల సంఖ్య, మధుమేహ రోగుల సంఖ్య పెరుగుతున్నాయి. పని లేక ఈ వృత్తి మూతపడుతుందన్న భయం అక్కరలేదు.

జీతం సంగతి వేరు. మొదటి ఉద్యోగంలో వచ్చేది చాలామంది తల్లిదండ్రులు ఊహించుకున్నదానికన్నా తక్కువే. ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేరులో చేరిన పక్కింటి అబ్బాయితో పోల్చుకుంటే మనశ్శాంతి ఉండదు. నాలుగైదేళ్లు ఓర్పుతో పని నేర్చుకొని, ఒక ప్రత్యేక విద్యలో చేయి తిరిగినవారికే ఎదుగుదల. కెరటోకోనస్ రోగులకు గట్టి లెన్సులు అమర్చడం, మెల్లకన్ను, సోమరికన్ను ఉన్న పిల్లలకు వ్యాయామాలు చేయించడం, పిల్లల హ్రస్వదృష్టి పెరగకుండా అదుపు చేయడం, మందదృష్టి గలవారికి పునరావాసం వంటివి ఆ ప్రత్యేక విద్యలు. పీజీ చేసి బోధన, పరిశోధన వైపు వెళ్ళినవారూ ఉన్నారు.

విదేశాల ఆశ చూపే బంధువులు ప్రతి తెలుగు కుటుంబంలోను ఉంటారు గనుక ఆ మాట కూడా చెబుతాను. అమెరికాలో ఆప్టోమెట్రిస్టు కావాలంటే నాలుగేళ్ల ఓ.డి. కోర్సు, జాతీయ బోర్డు పరీక్షలు, ఆ పైన రాష్ట్ర లైసెన్సు అవసరం. మన డిగ్రీతో నేరుగా అక్కడ కంటి పరీక్ష చేయడం కుదరదు. బ్రిటన్‌లో జనరల్ ఆప్టికల్ కౌన్సిలు నమోదు కావాలి. గల్ఫ్ దేశాలలోను లైసెన్సు పరీక్ష ఉంటుంది. దారులు మూసి లేవు. కానీ ఒక్కొక్క దారికి వేరే రుసుము, వేరే కాలం పడతాయి. ఆ ఆశే ముఖ్య కారణమైతే ముందుగానే లెక్క వేసుకోండి.

ఉచిత కంటి పరీక్ష అనే బోర్డు

ఇప్పుడు మొదట చెప్పిన అలవాటు దగ్గరకు వస్తాను. మన ఊళ్ళలో అద్దాల దుకాణం ముందు "కంటి పరీక్ష ఉచితం" అన్న బోర్డు సర్వసాధారణం. చూడటానికి ప్రజోపకారంగా కనబడుతుంది. నా దృష్టిలో ఈ వృత్తిని కుంగదీస్తున్నది ఆ బోర్డే.

పరీక్ష ఉచితమైనప్పుడు పరీక్షించిన మనిషి జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్రేముల అమ్మకం నుంచి వస్తుంది. అప్పుడు యజమాని అతణ్ణి అడిగేది ఎన్ని కళ్ళు సరిగా పరీక్షించావని కాదు. ఎన్ని జోళ్ళు అమ్మించావని. "మీకు అద్దాలు అక్కరలేదు, పాతవే చాలు" అని నిజం చెప్పిన ఆప్టోమెట్రిస్టు ఆ దుకాణానికి నష్టం తెచ్చినవాడవుతాడు. "ఒత్తిడి ఎక్కువగా ఉంది, ముందు కంటి డాక్టరు గారికి చూపించండి" అని పంపినవాడు ఆ రోజు బేరం పోగొట్టినవాడవుతాడు. నాలుగేళ్లు శాస్త్రం చదివిన యువకుణ్ణి నెలవారీ అమ్మకాల లక్ష్యం ముందు నిలబెడితే, అతని చదువు ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఈ వృత్తిని మధ్యలో వదిలినవారు కొందరు నాకు చెప్పిన కారణం జీతం కన్నా ముందు ఇదే.

దుకాణాల వారిని మాత్రమే తప్పు పట్టలేను. సర్వేంద్రియాలలో నయనమే ప్రధానమని నిత్యం చెప్పుకొనే మనం, ఫ్రేముకు వేల రూపాయలు ఇవ్వడానికి వెనుకాడం. ఆ కంటిని అరగంట శ్రద్ధగా చూసిన మనిషికి రెండు వందలు ఇవ్వమంటే మాత్రం ముఖం చిట్లిస్తాం. పరీక్షకు విడిగా రుసుము ఇచ్చే అలవాటు వచ్చిన రోజున ఆప్టోమెట్రిస్టు రోగికి జవాబుదారీ అవుతాడు. అంతవరకు అమ్మకాలకు జవాబుదారీగా ఉంటాడు. పేదలకు ఉచిత పరీక్ష ప్రభుత్వ బాధ్యత. దానిని నేను కాదనడం లేదు. ఇవ్వగలిగినవారు ఇవ్వాలన్నదే నా వాదన.

చట్టం, ప్రభుత్వం

2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఆప్టోమెట్రిస్టులను ఒక గుర్తింపు పొందిన వృత్తివర్గంగా పేర్కొన్నది. చదువుకు ప్రమాణాలు, జాతీయ రిజిస్టరు, రాష్ట్ర మండళ్ళు ఆ చట్టం ఉద్దేశాలు. అమలు మాత్రం నత్తనడకన సాగడంతో 2024లో సుప్రీంకోర్టు కలుగజేసుకోవలసి వచ్చింది. అయినా దిశ సరైనదే. నమోదు లేనివారు ఆ పేరుతో పనిచేయరాదన్న నియమం గట్టిగా అమలైతే, చదివినవారికి విలువ పెరుగుతుంది, ప్రజలకు రక్షణ కలుగుతుంది. చేరబోయే విద్యార్థి తన డిగ్రీకి ఈ చట్టం కింద నమోదు అవకాశం ఉన్నదో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

మన దేశం 1976లోనే అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం చేపట్టింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది; 2023 జనవరిలో రెండవ విడత జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో అదే పేరుతో ఒక పథకాన్ని పాఠశాల పిల్లలతో ప్రారంభించారు. లక్షలాది మందికి అద్దాలు అందాయి. ఇది చిన్న విషయం కాదు. కానీ శిబిరానికి ముగింపు తేదీ ఉంటుంది, చత్వారానికి ఉండదు. ఆ శిబిరాలకు తాత్కాలిక ప్రాతిపదికన తీసుకున్న ఆప్టోమెట్రిస్టులు శిబిరం ముగియగానే ఇంటిదారి పట్టారు. పిల్లవాడి పవరు ఏటా మారుతుంది. మరి ఏటా ఎవరు చూడాలి? యాభై వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం చొప్పున ఏర్పరచి, అక్కడ శిక్షణ పొందిన ఒక మనిషిని స్థిరంగా కూర్చోబెట్టే పద్ధతిని ఎల్.వి. ప్రసాద్ సంస్థ మన రాష్ట్రాలలోనే నడిపి చూపించింది. ప్రతి ఏరియా ఆసుపత్రిలోను, సామాజిక ఆరోగ్య కేంద్రంలోను శాశ్వత ఆప్టోమెట్రిస్టు పోస్టు మంజూరు చేయడం ప్రభుత్వాలకు మోయలేని భారమేమీ కాదు.

కనుక చేరవచ్చునా?

చేరే ముందు ఒక పని చేయండి. ఏదైనా కంటి ఆసుపత్రిలో అనుమతి తీసుకొని, పవరు పరీక్షించే గదిలో ఒక పూట కూర్చోండి. "ఇది బాగుందా, అది బాగుందా?" అన్న ప్రశ్నను ఆప్టోమెట్రిస్టు ఒక్కపూటలో ఎన్నిసార్లు అడుగుతాడో లెక్కపెట్టండి. అక్షరాలు రాని అవ్వ, చెవులు వినబడని తాత, ఏడ్చే పసివాడు, సెల్‌ఫోను నుంచి తల ఎత్తని కాలేజీ కుర్రవాడు ఒకరి తరువాత ఒకరు వస్తారు. నలభయ్యవ మనిషిని కూడా మొదటి మనిషిని అడిగినంత ఓపికగా అడగగలనని మీకు అనిపిస్తే ఈ చదువు మీదే. మధ్యాహ్నానికి విసుగు వస్తే, మరొక మంచి చదువు వెతుక్కోండి. అందులో నామోషీ లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. "డాక్టరు కాకపోయినా డాక్టరు లాంటిదే" అని చెప్పి పిల్లలను ఇందులోకి పంపవద్దు. ఆ పోలికతో చేరిన పిల్లవాడు ప్రతి రోజూ తనను తాను తక్కువ చేసుకుంటాడు. ఇది తనంతట తాను నిలబడే వృత్తి. ఇష్టపడి చేరినవారికి మంచి జీవితం ఇస్తుంది. ఇష్టం లేనివారిని చేర్చితే, నష్టపోయేది వారొక్కరే కాదు. వారి ముందు కూర్చొని పట్టిక చదివే రోగి కూడా.